చాప బిగించిన మధ్యాహ్నం

భిలాయిలో తెలుగువాళ్లు నలుగురు చేరినచోట ఈ కథ ఇప్పటికీ ఇలాగే చెప్తారు. ఆ రోజు లంచ్ అయ్యాక అవతలి జట్టు బ్యాటింగుకి దిగాలి. పిచ్ మీద పరిచిన కొబ్బరిపీచు చాప ఎండకి వదులైపోయింది. మా జట్టు కెప్టెన్ అది గమనించి, ఏం చెయ్యాలో తోచక కంచె వైపు చూసిందట. అక్కడ వాళ్ల నాన్న స్టీల్ ప్లాంటు హెల్మెట్ చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడట. ఆయన పిడికిలి బిగించి చూపించాడట. తండ్రి మాట కాదనడం తెలియని పిల్ల, వెంటనే సుత్తి పట్టుకుని చాప బిగించేసిందట. మ్యాచ్ పోయింది, దేశం జట్టు కెప్టెన్సీ పోయింది, పరువు మాత్రం నిలబడింది. ఇక్కడ చెప్పేవాళ్లు కాస్త ఆగుతారు, వినేవాళ్లు తలలు ఊపుకోవడానికి.

నేను ఊపను. ఆ సమయానికి ఆయన కంచె దగ్గర లేడు, రోలింగ్ మిల్లులో ఉన్నాడు. ఆ వారం ఆయనది పొద్దుటి షిఫ్టు. రెండింటి సైరన్ మోగి, గేటు దాటి, సైకిల్ తొక్కుకుంటూ గ్రౌండుకి చేరేసరికి వాళ్ల బ్యాటింగు సగానికొచ్చింది. అంత కచ్చితంగా ఎలా చెప్తావని అడిగేవాళ్లకి నా జవాబు ఒకటే. ఆమె చాపని ఒక కొస లాగుతుంటే రెండో కొస పట్టుకున్నది నేను. ఆ జట్టు వికెట్ కీపర్ని నేనే.

సెక్టర్ 4లో మా రెండిళ్లూ వీపులు ఆనించుకున్న క్వార్టర్లు. మా నాన్న ప్లాంటులో ఇంజనీరు, మాది విజయనగరం. వాళ్ల నాన్న మిల్లులో ఫోర్‌మన్, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. ఆమె నాకన్నా కొన్నేళ్లు పెద్ద, అక్క అనేదాన్ని. డెబ్బైల మొదట్లో, ఆడపిల్లలకీ క్రికెట్ ఉంటుందని మా స్కూలు డ్రిల్లు మేష్టారికే తెలియని రోజుల్లో, అక్క వెనక సందులో మగపిల్లల మధ్య నిలబడి ఆడేది. ఔటైనా బ్యాటు వదిలేది కాదు. వాళ్లు కొట్లాటకొస్తే హిందీలో మొదలుపెట్టి తెలుగులో ముగించేది. తెలుగు రానివాళ్లు కూడా ఆ ముగింపు అర్థం చేసుకుని వెళ్లిపోయేవాళ్లు.

తర్వాత ఆడవాళ్ల జట్లు మొదలయ్యాయి. కాలేజీ, యూనివర్సిటీ, రాష్ట్రం, జోన్, ఆ పైన దేశం. ఒక్కొక్క మెట్టు ఎక్కుతూ వెళ్లిందని పేపర్లో రాస్తారు గాని, మెట్లేవీ లేవు. ఒక్కోచోటికి తనే దారి చేసుకుని వెళ్లింది. మా ఎర్రమొరం నేల మీద చాప పరిస్తే బంతి నడుం దాకా లేస్తుంది. అక్క బ్యాటింగంతా ఆ ఎత్తుకి తయారైంది. వెనక కాలి మీద నిలబడి, బంతి దగ్గరకొచ్చేదాకా ఆగి, ఆఖర్న కత్తితో బెండకాయ కోసినట్టు కట్ చేసేది. దేశం తరఫున మొదటిసారి పచ్చిక పిచ్ మీద ఆడినప్పుడు బంతి లేవలేదు, స్టంపులు లేచాయి. రెండు ఇన్నింగ్సులూ అంతే. తిరిగొచ్చింది. ఆ చలికాలమంతా వాళ్ల పెరట్లో గచ్చు మీద టెన్నిస్ బంతిని బకెట్లో ముంచి నా చేత విసిరించుకుంది. తడి బంతి గచ్చు మీద జారుతూ పాదాల దగ్గరికి వస్తుంది. నా వేళ్లు మొద్దుబారిపోయి నేను తిట్టుకుంటుంటే, "ఇంకొక్కటి విసరవే, నీకు జామకాయ ఇస్తాను" అనేది. ఆ చెట్టు మాది. మా జామకాయే నాకు ఇస్తాననేది.

మరుసటేడు అదే పచ్చిక మీద, మన దేశానికి వచ్చిన ఒక జట్టు ఎదుట, పొద్దున్న దిగి సాయంత్రం దాకా ఔట్ కాకుండా మ్యాచ్ నిలబెట్టింది. ఆ తర్వాతే కెప్టెన్సీ వచ్చింది, సొంత గడ్డ మీద జరిగిన ఒక సిరీస్‌కి. ఆ రోజు వాళ్ల నాన్న మా వీధంతా కేకు ముక్కలు పంచాడు. మా అమ్మ తన ముక్క తింటూ, "ఇప్పుడింక ఈ పిల్లకి సంబంధం ఎవడు తెస్తాడు" అంది. కేకు మాత్రం వదల్లేదు.

కెప్టెన్ అంటే టాస్ వెయ్యడం, ఫీల్డింగ్ పెట్టడం అనుకుంటారు. మా కెప్టెన్ పని అంతకు చాలా ముందే మొదలయ్యేది, అమ్మలని ఒప్పించడంతో. మా ఇంటికి చర్చి నుంచి సరాసరి వచ్చేది, తెల్ల చీరలో, బుద్ధిగా.

"పిన్నీ, రైల్లో మీ పిల్లని నా పక్కనే పడుకోబెట్టుకుంటాను."

"బంతి మొహం మీద తగిల్తే ఏటి చెయ్యను నేను? రేపు ఎవరికి చూపించను?"

"ఏటీ కాదు పిన్నీ. ఎలా తీసికెళ్లానో అలాగే తెచ్చి అప్పజెప్తాను."

"అలాగే వద్దులే. కాస్త నోరు తగ్గించి తీసుకురా."

రిజర్వేషన్ లేని బోగీలు, తలుపు పక్కన హోల్డాల్ మీద కూర్చుని తను, లోపల మేము. మూడు బ్యాట్లే జట్టంతటికీ. ఔటై వచ్చినవాళ్ల ప్యాడ్లు వేడి తగ్గకముందే తర్వాతవాళ్లు కట్టుకునేవాళ్లు. ఇవన్నీ ఇప్పుడు నవ్వుతూ చెప్పుకుంటున్నాం గాని, అప్పుడు అక్క మొహంలో నవ్వు తక్కువే. ఎవరికి జ్వరం, ఎవరి షూ నోరు తెరిచింది, ఎవరి నాన్న ఈ మ్యాచ్ తర్వాత పంపనన్నాడు, అన్నీ తన తల మీదే.

ఆ జట్టులో కూలీలుండే క్యాంప్ 2 బస్తీ నుంచి వచ్చే పిల్ల ఒకతె ఉండేది. ఎడమచేతి బౌలర్, ఛత్తీస్‌గఢీ పిల్ల. వాళ్ల నాన్న ఒక కాంట్రాక్టరు దగ్గర కూలీ. అక్కే ఆ పిల్లని ఒక మైదానంలో పిల్లల ఆటలో చూసి తెచ్చింది. మాట తక్కువ, బంతి మాత్రం చాప మీద పడ్డాక ఎటు పోతుందో నాకే తెలిసేది కాదు. నా చూపుడు వేలు ఇప్పటికీ పూర్తిగా వంగదు, అది ఆ పిల్ల పుణ్యం. ఎనభైల మొదట్లో విదేశీ పర్యటన ఒకటి ఖాయమైంది. కెప్టెన్‌గా వెళ్లేది ఇద్దరిలో ఒకరని అందరికీ తెలుసు. ఒకరు అక్క, రెండోది ఇంకో జోన్ కెప్టెన్, పెద్ద నగరం అమ్మాయి. కెప్టెన్ అడిగిన బౌలర్‌కే విమానం టికెట్ అని కూడా అందరికీ తెలుసు. ఒకరోజు ప్రాక్టీసు అయ్యాక చాప చుడుతూ అక్క ఆ పిల్లతో నా ఎదుటే అంది, "మైం గయీ తో తూ భీ జాయేగీ." నేను వెళ్తే నువ్వూ వస్తావు. ఆ పిల్ల చాప బరువంతా తన భుజం మీదికి తీసుకుని నడిచింది. కాబట్టి అక్క కెప్టెన్సీ మీద ఆశ పెట్టుకున్నది అక్క ఒక్కతే కాదు. కథ చెప్పేవాళ్లు ఈ ముక్క ఎప్పుడూ చెప్పరు.

రెండు జోన్ల మధ్య మ్యాచ్ భిలాయిలో పెట్టారు. సెలెక్టర్లు షామియానా కింద కూర్చున్నారు. పొద్దున్నే మేమే చాప పరిచాం. ఇక్కడ నాకొక వాదన ఉంది, చెప్పకుండా ముందుకి పోను. అదే గ్రౌండులో మగవాళ్ల మ్యాచ్ అయితే మనుషులొచ్చి నేల తడిపి, చాప పరిచి, మేకులు కొట్టి, లంచ్‌లో మళ్లీ వచ్చి బిగించి వెళ్లేవాళ్లు. ఏ మగ కెప్టెన్ చేతిలోనైనా సుత్తి ఎవరైనా చూశారా? మాకు ఆ మనుషుల్ని పంపలేదు. అమ్మాయిలు కదా, సర్దుకుంటారు అన్నారు. సర్దుకున్నాం. ఆ మనుషులే వచ్చి ఉంటే చాప బిగించాలా వద్దా అన్న ప్రశ్న ఆమె ముందుకి వచ్చేదే కాదు. ఆ ప్రశ్న ఆమె నెత్తిన పెట్టినవాళ్లే తర్వాత ఆమె జవాబుకి చప్పట్లు కొట్టారు.

మేము ముందు బ్యాటింగ్ చేశాం. పరుగుల్లో ఎక్కువ అక్కవే. ఎండ ముదిరేకొద్దీ మేకులు కదిలి, బంతి పడేచోట చాప ముడత పడింది. ఒక బంతి అక్కడ పడి అక్క భుజం మీదికి లేచింది. ఇంకొకటి అక్కడే పడి నేల మీద పాకుతూ వచ్చి స్టంపుల్లో దూరింది. ఔటైనందుకు తిట్టుకుంటుందనుకున్నాను. ఆ ముడతని బ్యాటుతో ఒకసారి తట్టి వచ్చేసింది.

ఆ ముడత చూసి నాకు పండగైంది. పచ్చిక మీద పెరిగిన నగరం జట్టుకి చాప వదులవుతుందన్న సంగతే తెలియదు. తెలిస్తే బిగించమని వాళ్ల కెప్టెన్ అడగొచ్చు, అది బ్యాటింగ్ చేసేవాళ్ల హక్కు. అడగలేదు. మా బౌలర్ ఆ ముడత మీద బంతి వేస్తే వాళ్ల దగ్గర మందు లేదు. లంచ్‌లో ఆ పిల్ల పక్కన కూర్చుని, "ఆజ్ తేరా దిన్ హై" అన్నాను, ఈ రోజు నీదే అని. మా అమ్మలు చేసిన పులిహోర ఆకులో పెట్టుకుని, మిరపకాయ కొరికి, కళ్లలో నీళ్లతో నవ్వింది.

అప్పుడు చూశాను. షామియానాలో అందరూ భోజనాల దగ్గర ఉన్నారు, వీపులు గ్రౌండు వైపు. అక్క ఒక్కతే సుత్తి పట్టుకుని పిచ్ దగ్గరికి నడుస్తోంది. ఆ పిల్ల కుళాయి దగ్గరికి వెళ్లింది, నేను చెయ్యి కడుక్కోకుండానే పరిగెత్తాను.

"అక్కా, ఏటి చేస్తన్నావు?"

"కనబడ్డం లేదేటి? ఆ కొస పట్టు."

"వాళ్లు అడగలేదు కదా."

"వాళ్లకి తెలీదు."

"తెలీకపోతే మనకేటి? వాళ్లకి చెప్పాలని ఎక్కడైనా రాసుందా?"

"వేసింది మనం. వదులైతే మనమే బిగించాలి. పట్టవే."

"నీకు కెప్టెన్సీ అక్కర్లేదా?"

 మోకాళ్ల మీద కూర్చుని మేకు పీకింది. నేను నిలబడే ఉన్నాను. తలెత్తి, "నువ్వు పట్టకపోతే వంకరగా వస్తది" అంది, ఇంకేం మిగల్లేదన్నట్టు. కెప్టెన్ చెప్పాక కీపర్ ఏం చేస్తుంది? పట్టాను, లాగాను. చాప చదునై పలకలా అయింది. ముడత ఉన్నచోట ఎర్రమట్టి గీత ఒకటి మిగిలింది, దాన్ని కూడా అరచేత్తో తుడిచింది.

ఇది గొప్పకోసం చేసిందంటే నేను ఒప్పుకోను. గొప్పకోసమైతే అందరూ చూసేటప్పుడు చేస్తుంది, కనీసం అవతలి కెప్టెన్‌కి చెప్తుంది. ఎవరికీ చెప్పలేదు. తర్వాత వాళ్ల చర్చి ఫాదర్ గారు ప్రసంగంలో ఇదే త్యాగమని చెప్పి, వెనక బెంచీలో పరాయి మతపుదాన్ని నేనూ వింటున్నానని తెలిసి మరీ గొంతు పెంచారు. త్యాగమంటే తనది ఇవ్వడం. ఆ మధ్యాహ్నం ఇచ్చినదంతా ఆమెదేనా?

మా బౌలర్ బంతి పట్టుకుని వచ్చి, తన అలవాటు ప్రకారం, వంగి చాపని అరచేత్తో నొక్కి చూసింది. నా వైపు తిరిగింది.

"కా హోగే దీదీ?"

ఏమైంది అని. బిగించామని చెప్పాను.

"కౌన్ బోలా?"

"కెప్టెన్."

"అచ్ఛా" అని వెనక్కి నడిచి పరుగు మొదలుపెట్టే చోట గుర్తు పెట్టుకుంది. అంతే. కెప్టెన్ చెప్పిందంటే ఏదో లెక్క ఉంటుందనుకుంది. ఆ నమ్మకం గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, ఎవరి మీదో తెలియదు.

బిగిసిన చాప మీద బంతి చెప్పినట్టు వచ్చింది, బ్యాటు మధ్యకి. నగరం కెప్టెన్ కడుపునిండా ఆడింది. మా పిల్ల భుజం జారిపోయేదాకా వేసింది. ఒక్క వికెట్టూ పడలేదు ఆమెకి. మ్యాచ్ అయ్యాక ఆ కెప్టెన్ వచ్చి అక్క చెయ్యి పట్టుకుని ఊపింది, "వికెట్ బహుత్ అచ్ఛా థా, దీదీ." చెడ్డపిల్ల కాదు. నిజంగా పిచ్ మంచిదనుకుంది. అక్క నవ్వి ఊరుకుంది.

వాళ్ల నాన్న అప్పటికి కంచె దగ్గర ఉన్నాడు, హెల్మెట్ సైకిల్ హ్యాండిల్‌కి తగిలించి.

"ఏటైనాదమ్మా? పొద్దున్న బాగా ఆడినారట కదా?"

"మీ అమ్మాయి లంచ్‌లో చాప బిగించీసింది బాబాయ్. వాళ్లు అడక్కుండానే."

 భిలాయి రాకముందు ఏదో చిన్న కార్ఖానాలో, ముందు షిఫ్టువాళ్లు సడలిన బోల్టు సంగతి చెప్పకుండా వెళ్లిపోతే, ఆయన రెండు వేళ్లు వంకరపోయాయి. ఆ చేత్తోనే మొహం తుడుచుకున్నాడు.

"మరి వదులుది అప్పగించీసి పోతామేటి? మిల్లులో మేం అలాగ పోం" అన్నాడు.

అదీ జరిగింది. ఆయనకి సంగతి చెప్పిందే నేను. ఆ మాట ఆ రోజు నాలుగు చెవుల పడి, వారం తిరిగేసరికి మాట ముందుకి జరిగింది, ఆయన కూడా ముందుకి జరిగి లంచ్ వేళకే కంచె దగ్గర నిలబడ్డాడు. కొన్నాళ్లకి పిడికిలి కూడా వచ్చింది. చివరికి ఆయనే అలా చెప్పడం మొదలుపెట్టాడు. కావాలని అబద్ధం చెప్పే మనిషి కాదు, చెప్పి చెప్పి తన కళ్లకి కనబడి ఉంటుంది.

కెప్టెన్సీ నగరం అమ్మాయికి ఇచ్చారు. ఇంకోసారి ఎప్పుడూ అక్కకి రాలేదు. కానీ పర్యటనకి అక్క వెళ్లింది, బ్యాటర్‌గా. ఇది కూడా కథలో ఉండదు, కథకి అడ్డం కాబట్టి. దుర్గ్ స్టేషన్‌లో దండలు వేశాం. కిట్ బ్యాగ్ బోగీలోకి ఎక్కించింది క్యాంప్ 2 పిల్ల. అక్క ఆమె తల మీద చెయ్యి పెట్టింది, ఏదో అనబోయింది, బండి కదిలింది. "జల్దీ ఆనా దీదీ", త్వరగా వచ్చెయ్ అక్కా అని ఆ పిల్ల ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచింది. ఆ తర్వాత ప్రాక్టీసుకి ఒకరోజు వచ్చి రెండు రోజులు మానేసేది, పిదప పూర్తిగా మానేసింది. ఆ వేసవిలో పెళ్లయింది. అక్కడ అక్క బాగా ఆడింది, ఇంకొన్నేళ్లు దేశానికి ఆడింది, కెప్టెన్ కాకుండా. తర్వాత స్కూల్లో ఆటల టీచరుగా చేరింది.

కొన్నేళ్ల తర్వాత క్యాంప్ 2 బజారులో ఒక పిండిమర దగ్గర నన్నెవరో దీదీ అని పిలిచారు. జుట్టంతా గోధుమపిండి, చేతులు మాత్రం మా బౌలర్‌వే. మర తమదేనని, ఇద్దరు పిల్లలని చెప్పింది. మాటల్లో తనే అంది, "ఉస్ దిన్ మ్యాట్ బహుత్ కసా హువా థా నా?" ఆ రోజు చాప బాగా బిగిసి ఉంది కదా అని, ఆ రోజు ఎండ బాగా కాసింది కదా అన్నట్టు, నవ్వుతూ. తర్వాత మర ఆపి, ఆ నిశ్శబ్దంలో అడిగింది, "కెప్టెన్ దీదీ కో మైం యాద్ హూం?" నేను గుర్తున్నానా అని. ఉన్నావు అన్నాను. ఏం తెలిసి అన్నానో నాకే తెలియదు.

అందుకే, ఎనభైల చివర, అప్పుడప్పుడే ఇళ్లు లేస్తున్న స్మృతి నగర్‌లో తెలుగువాళ్లు అక్కకి సన్మానం చేసినప్పుడు వెళ్లాను. వాళ్ల నాన్న మైకు పట్టుకుని పిడికిలి కథ చెప్పాడు. అందరూ తలలు ఊపారు. అక్క శాలువా కప్పుకుని నేల చూసింది. అయ్యాక వెనక టీ కాస్తున్నచోట పట్టుకున్నాను.

"ఆ రోజు మీ నాన్న లేడు."

"తెల్సు."

"మరి చెప్పవేటి?"

"చెప్పుకోనీవే. ముసలాయనకి అదొక సంతోషం."

"పోనీ నాకు చెప్పు. ఎందుకు బిగించావు?"

"వదులైంది కాబట్టి. నీకింకా ఆ గోలే? టీలో పంచదార వేసుకున్నావా?"

"మన బౌలర్ కనిపించింది. నీకు గుర్తుందా అని అడిగింది."

గ్లాసు పట్టుకున్న చెయ్యి ఆగింది. ఆ చెయ్యి ఆగడం నేను చూశాను, ఇందులో మాత్రం నాతో ఎవరూ వాదించక్కర్లేదు. ఇంతలో ఫోటోకి రమ్మని ఎవరో పిలిచారు. గ్లాసు నా చేతికిచ్చి వెళ్లింది. శాలువా సర్దుకుని, నాన్న పక్కన నిలబడింది.

వదులు చాప అప్పగించకూడదన్నది సరే, దానితో నాకు తగాదా లేదు. నాకు కావలసింది ఒక్కటే. ఆ మధ్యాహ్నం మోకాళ్ల మీద కూర్చుని మేకు కొడుతున్నప్పుడు, నువ్వు వెళ్తే తనూ వస్తుందని నువ్వు మాటిచ్చిన ఆ పిల్ల, కుళాయి దగ్గర చెయ్యి కడుక్కుంటూ ఉన్న ఆ పిల్ల, నీకు గుర్తుకొచ్చిందా అక్కా? గుర్తుకొచ్చాక కూడా కొట్టావా?